కారు 40,000 కిలోమీటర్ల సర్వీసుకి 14,300 రూపాయల ఎస్టిమేట్: ఏది ఉంచాలి, ఏది తీసేయించాలి

మేడమ్ అడిగింది క్లుప్తంగా ఇది. అనంతపురంలో ఉంటారు, ఉరవకొండ దగ్గర స్కూల్లో టీచర్, వారంలో రెండు మూడు రోజులు కారులోనే వెళ్లొస్తారు. చిన్న పెట్రోల్ కారు, 2023 మొదట్లో కొన్నారు, మీటరు 39,000 దాటింది, ఐదేళ్ల వరకు ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నారు. 40,000 సర్వీసుకి షోరూమ్ వాళ్లు 14,300 ఎస్టిమేట్ రాశారు. ఇంటి దగ్గర మేస్త్రీ 5,500కే చేస్తానన్నాడు. షోరూమ్‌లోనే చేయించాలా, బయట చేయిస్తే వారంటీ పోతుందా, అసలు ఇంత ఎందుకవుతోంది, ఆడమనిషి ఒక్కతే వచ్చిందని ఎక్కువ రాశారా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించండి, కానీ 14,300కి కాదు. ఏడు వేల చిల్లరకి అయిపోవాలి. మీరు రాసిన ఎస్టిమేట్‌లో 7,700 రూపాయల పనులు మీ కారుకి ఇప్పుడు అవసరం లేదు. అంతకంటే ముఖ్యం, కచ్చితంగా ఉండాల్సిన ఒక పని అందులో లేదు. దాని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, బ్రేకు పట్టకపోతే ఏం చేస్తాం.

నా సంగతి కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నా. కర్నూల్లోను, తర్వాత అనంతపురంలోను డీలర్ వర్క్‌షాపుల్లో సర్వీస్ అడ్వైజర్‌గా (కౌంటర్‌లో ఎస్టిమేట్ రాసేది వీళ్లే) మొదలుపెట్టి ఫ్లోర్ సూపర్‌వైజర్ దాకా చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు సొంత షెడ్డు నడుపుతున్నాను. అంటే షోరూమ్‌కి వెళ్లకండి అని చెప్తే లాభపడేది నాలాంటి వాళ్లే. అయినా మీ విషయంలో షోరూమ్‌కే వెళ్లమంటున్నాను, కారణం కింద ఉంది.

మొదట ఒక మాట. కారు కొన్నప్పుడు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్, సర్వీస్ బుక్కు గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంటాయి చాలామందికి. అందులో వెనక వైపు ఒక పట్టిక ఉంటుంది. పైన కిలోమీటర్లు, నెలలు, పక్కన భాగాల పేర్లు, గడుల్లో ఒక్కో అక్షరం. 'ఐ' అని ఉంటే చూసి శుభ్రం చేయాలి, 'ఆర్' అని ఉంటే మార్చాలి. కారు తయారు చేసిన కంపెనీ చెప్పిన మాట ఆ పట్టికే. షోరూమ్ కౌంటర్‌లో గోడ మీద రంగురంగుల బోర్డు మీద ఉండేది డీలర్ మెనూ, రెండూ ఒకటి కాదు. షెడ్యూల్డ్ సర్వీస్ అంటే ఆ పట్టికలో మీ 40,000 నిలువు వరుసలో ఉన్నదే. కిలోమీటర్లు, నెలలు రెండింటిలో ఏది ముందొస్తే అది లెక్క.

ఇప్పుడు మీ ఎస్టిమేట్‌కి వద్దాం. మీరు వరుసగా రాశారు కాబట్టి పని సులువైంది. ఇంజన్ ఆయిల్ 1,900, ఆయిల్ ఫిల్టరు డ్రెయిన్ వాషరు కలిపి 180, ఎయిర్ ఫిల్టర్ 420, ఏసీ ఫిల్టర్ 480, నాలుగు స్పార్క్ ప్లగ్గులు 720, సర్వీస్ లేబర్ 1,900, అలైన్‌మెంట్ బ్యాలెన్సింగ్ 1,000. ఇవన్నీ కలిపితే 6,600. ఇది నాకు న్యాయంగానే కనిపిస్తోంది, ట్యాక్స్‌తో కలిపి మన ఊళ్లో చిన్న పెట్రోల్ కారు 40,000 సర్వీసు ఈ చుట్టుపక్కలే ఉంటుంది. 30,000 సర్వీసు మీకు నాలుగున్నర వేలకి అయిందంటున్నారు, ఇప్పుడు ఎక్కువవడానికి కారణం ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు ఈసారి మార్చే వంతు రావడం. ప్లగ్గుల సంగతి మాత్రం మీ పట్టికలో ఒకసారి సరిచూసుకోండి. మామూలు ప్లగ్గులైతే 40,000 దగ్గర మార్చడం సరైనదే, ఇరిడియం ప్లగ్గులు వేసిన ఇంజనైతే అవి ఇంకా చాలా దూరం వస్తాయి, అప్పుడు ఆ 720 కూడా తీసేయించవచ్చు.

మిగతా 7,700 ఎక్కడిది? అండర్‌బాడీ కోటింగ్ 2,600, ఏసీ ఎవాపరేటర్ (గాలిని చల్లబరిచే భాగం) క్లీనింగ్ 1,450, ఇంటీరియర్ ఫోమ్ క్లీనింగ్ 1,300, థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వదిలే భాగం) క్లీనింగ్ 900, ఇంజన్ ఫ్లష్ 550, పెట్రోల్‌లో కలిపే అడిటివ్ 450, ఎలుకల స్ప్రే 450. మీ సర్వీస్ పట్టికలో ఈ ఏడింటి పేర్లు వెతకండి. మార్చాల్సిన, చేయాల్సిన పనుల్లో ఇవి కనిపించవు.

వీటిని షోరూమ్ భాషలో వాల్యూ యాడెడ్ సర్వీసులు అంటారు, మేం 'వీఏఎస్' అనేవాళ్లం. ప్రతి అడ్వైజర్‌కి నెలకింత వీఏఎస్ అమ్మాలని టార్గెట్ ఉంటుంది, జీతం మీద వచ్చే ఇన్సెంటివ్ దాని మీదే ఆధారపడి ఉంటుంది. నేను పనిచేసిన చోట రోజూ సాయంత్రం ఎవరు ఎంత చేశారో లెక్క చదివేవాళ్లు. ఆయిల్ మార్చినందుకు ఎవరూ మెచ్చుకోరు, అది ఎలాగూ జరిగేదే. కోటింగు అమ్మినవాడికే పేరు. మీ అడ్వైజర్ కుర్రాడు చెడ్డవాడని నేను అనడం లేదు, నెలాఖరున వాడి మీద ఉండే టెన్షన్ నాకు తెలుసు. ఆడవాళ్లని చూసి ఎక్కువ రాస్తారా అన్నారు కదా. చూసేది జాబ్ కార్డు (చేయాల్సిన పనులు రాసే కాగితం) చదివి సంతకం పెడతారా, చదవకుండా పెడతారా అని. చదవకుండా పెట్టే మగవాళ్లకి ఇంతకంటే ఎక్కువ రాసిన బిల్లులు నేను చూశాను. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లు ఎదురు ప్రశ్న వేయరనే నమ్మకం కొందరిలో ఉన్న మాట మాత్రం నిజం. ఒక్క ప్రశ్న వేస్తే చాలు, 'ఇది నా సర్వీస్ పట్టికలో ఎక్కడుందో చూపించండి' అని.

అండర్‌బాడీ కోటింగ్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, అన్నిటికంటే పెద్ద మొత్తం అదే కాబట్టి. కారు అడుగుభాగం తుప్పు పట్టకుండా నల్లటి రబ్బరు లాంటి పూత కొడతారు. నెల్లూరు, మచిలీపట్నం, కాకినాడ లాంటి చోట ఉప్పు గాలికి దీనికి అర్థం ఉంది. మనది రాష్ట్రంలోనే వాన తక్కువ పడే జిల్లా, సంవత్సరం మొత్తానికి 550 మిల్లీమీటర్ల దగ్గర, సముద్రమేమో వందల కిలోమీటర్ల దూరం. పైగా ఈ కాలం కార్లకి ఫ్యాక్టరీలోనే అడుగున తుప్పు పట్టని పూత వేసి పంపిస్తారు. అనంతపురం, కర్నూలు, కడప బళ్లలో పదేళ్లు దాటినవి కూడా లిఫ్టు మీద ఎత్తి చూస్తే రాళ్లు తగిలిన గుర్తులు, బురద ఉంటాయి గానీ తుప్పుతో చిల్లు పడింది చాలా అరుదు. ఇంకో సమస్య కూడా ఉంది, సరిగ్గా కడిగి ఆరబెట్టకుండా హడావిడిగా కొడితే పూత కింద తేమ ఉండిపోతుంది, అప్పుడు పూత వల్లే తుప్పు మొదలవుతుంది. నీళ్లు కాలువల్లా పారే రోడ్ల మీద రోజూ తిరిగే బండి అయితే తప్ప ఇక్కడ దీనికి డబ్బు పెట్టొద్దు.

ఇంజన్ ఫ్లష్ అంటే పాత ఆయిల్ తీసేముందు ఒక ద్రావకం పోసి ఇంజన్ కాసేపు తిప్పి అంతా కిందికి దించేయడం. టైముకి సరైన ఆయిల్ మారుస్తూ వచ్చిన ఇంజన్‌లో కడగాల్సిన మడ్డి ఉండదు. మీరు ప్రతి సర్వీసూ టైముకే చేయించారు. పైగా ఆ ద్రావకం కొంత లోపలే మిగిలి కొత్త ఆయిల్‌ని పలచబరుస్తుంది. థ్రాటిల్ క్లీనింగ్, అడిటివ్ కూడా అంతే. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ ఊగుతున్నా, సిగ్నల్ దగ్గర ఆగిపోతున్నా థ్రాటిల్ శుభ్రం చేయించాలి, లక్షణం లేకుండా చేయించక్కర్లేదు. మీ కారు రోజుకు పది సార్లు స్టార్ట్ చేసి మార్కెట్‌కి వెళ్లొచ్చే బండి కాదు, ఒక్కసారి స్టార్టయితే సుమారు యాభై కిలోమీటర్లు హైవే మీద పోతుంది, అలాంటి ఇంజన్ లోపల మసి పేరుకోవడం తక్కువ.

ఏసీ ఎవాపరేటర్ క్లీనింగ్ విషయంలో గుంతకల్లు నుంచి వచ్చిన ఒకాయన కారు గుర్తొస్తోంది. ఏసీ గాలి రావడం లేదని ఒక చోట క్లీనింగు, గ్యాసు అన్నీ కలిపి మూడు వేల పైన ఖర్చుపెట్టి కూడా తేడా లేక నా దగ్గరికి వచ్చాడు. గ్లవ్ బాక్స్ విప్పి ఏసీ ఫిల్టర్ లాగితే దుమ్ము, గడ్డిపోచలతో అట్ట కట్టుకుపోయి ఉంది. ఫిల్టర్ మార్చడంతోనే గాలి వచ్చేసింది. మీ ఎస్టిమేట్‌లో ఫిల్టర్ ఉండనే ఉంది, ముందు అది మార్పించి వారం చూడండి. చెడు వాసన అప్పటికీ పోకపోతే క్లీనింగ్ గురించి ఆలోచిద్దాం.

ఎలుకల స్ప్రే గురించి. శనక్కాయల కాలంలో మన పల్లెల్లో ఎలుకలు వైర్లు కొరకడం నిజమైన సమస్యే, వైరింగ్ మొత్తం మార్చాల్సి వచ్చిన బళ్లున్నాయి. కానీ ఆ స్ప్రే వాసన మన ఎండకి ఎన్నో రోజులు నిలవదు. కాయల మూటలు ఉన్న షెడ్డులో కారు పెట్టకపోవడం, వాడని రోజుల్లో బానెట్ ఎత్తి ఉంచడం ఇంతకంటే పనిచేస్తాయి. ఇంటీరియర్ క్లీనింగ్ మీ ఇష్టం, అది శుభ్రతే గానీ మెయింటెనెన్స్ కాదు, బయట వాషింగ్ సెంటర్లో సగం ధరకే చేస్తారు.

ఇక ఎస్టిమేట్‌లో లేని పని. బ్రేక్ ఫ్లూయిడ్, అంటే పెడల్ మీద మీ కాలి ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే ద్రవం. చాలా కంపెనీల పట్టికల్లో రెండేళ్లకి లేదా 40,000 కిలోమీటర్లకి మార్చమని ఉంటుంది. మీ కారుకి రెండేళ్లు ఎప్పుడో దాటాయి, 40,000 ఇప్పుడు వస్తోంది. పాత బిల్లులన్నీ తీసి చూడండి, ఎక్కడా బ్రేక్ ఫ్లూయిడ్ అన్న లైన్ లేకపోతే ఫ్యాక్టరీలో పోసిందే ఇంకా ఉందన్నమాట.

ఎందుకు మార్చాలంటే, ఈ ద్రవానికి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. మూత ఎంత బిగించినా, రబ్బరు పైపుల గుండా కూడా కొద్దికొద్దిగా తేమ చేరుతూనే ఉంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. అదే ద్రవంలో 3.7 శాతం నీళ్లు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. మామూలు రోడ్డు మీద తేడా తెలీదు. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టే ఉంచినప్పుడు ప్యాడ్ల వేడి ద్రవానికి పాకుతుంది, అది మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నలగదు కాబట్టి బ్రేకు పడుతుంది, ఆవిరి నలిగిపోతుంది కాబట్టి పెడల్ నేల దాకా పోతుంది.

ధర్మవరం నుంచి పట్టుచీరల వ్యాపారం చేసే ఒక పెద్దాయన ఉన్నారు, డీజిల్ ఎస్‌యూవీ. కడప నుంచి రాయచోటి వెళ్లే గువ్వలచెరువు ఘాట్‌లో కుటుంబంతో వెళ్తుంటే పెడల్ మెత్తబడిపోయింది. డ్రైవరు అనుభవం ఉన్నవాడు, వెంటనే గేర్లు తగ్గించి హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగుతూ పక్కన ఆపాడు. బండి చల్లారాక మళ్లీ బ్రేకు మామూలైంది, ఏమీ తెలీనట్టు. తర్వాత నా దగ్గరికి తెచ్చారు. రిజర్వాయర్‌లో ద్రవం కాఫీ డికాషన్ రంగులో ఉంది. సర్వీస్ ఫైలు తెప్పించి చూశాను, ప్రతి సర్వీసూ షోరూమ్‌లోనే, టైము తప్పకుండా. కోటింగు ఉంది, పాలిషింగు ఉంది, సీట్ల క్లీనింగు ఉంది, ఐదేళ్లలో బ్రేక్ ఫ్లూయిడ్ ఒక్కసారి కూడా లేదు. ఆయన డబ్బుకి వెనకాడే మనిషి కాదు, చెప్పి ఉంటే చేయించేవారు. ఎవరూ చెప్పలేదు.

ఎందుకు చెప్పరో కూడా రాస్తాను. ద్రవం ఖరీదు రెండు మూడు వందలు, దాని మీద మిగిలేది ఏమీ ఉండదు. నాలుగు చక్రాల దగ్గరా పాతది తీసి గాలి లేకుండా కొత్తది నింపాలి, ఇద్దరు మనుషులు, అరగంట పైన బే (బండి నిలిపి పనిచేసే చోటు) ఖాళీ లేకుండా పోతుంది. ఆ టైములో ఇంకో బండి సర్వీసు అయిపోతుంది. మీ కారుకి ద్రవం, లేబరు కలిపి ఐదు వందల నుంచి ఏడు వందల మధ్య అవుతుంది. ఆ 6,600కి ఇది కలిపితే ఏడు వేల చిల్లర. నేను మొదట చెప్పిన లెక్క ఇదే.

కొందరు అడ్వైజర్లు 'చెక్ చేశాం, బాగానే ఉంది' అంటారు. లెవెల్ సరిపోతే బాగున్నట్టు కాదు. తేమ కొలిచే పెన్ను లాంటి పరికరం ఉంటుంది, దానితో చూపించమనండి. రెండేళ్లు దాటాక నేనైతే కొలవకుండానే మార్చేస్తాను.

పట్టికనే పట్టుకోమన్నాను గానీ మన ప్రాంతంలో పట్టిక కంటే ముందు చేయాల్సినవి రెండున్నాయి. అదే మాన్యువల్‌లో కఠిన పరిస్థితులు అనే భాగం ఉంటుంది, అందులో దుమ్ము రోడ్లు అని రాసి ఉంటుంది, అది మనకోసమే. ఉరవకొండ వైపు నల్లరేగడి దుమ్ము, ఆషాఢంలో గాలికి లేచిందంటే ఎదురుగా వచ్చే లారీ కనపడదు. తాడిపత్రి వైపు వెళ్లేవాళ్లకి బండల పాలిషింగ్ పొడి, అది ఇంకా సన్నగా ఉంటుంది. ఇంజన్ ఎయిర్ ఫిల్టర్ పట్టికలో 40,000కి మార్చమని ఉన్నా ఇలాంటి రోడ్ల మీద తిరిగే బళ్లకి 20,000కి మార్చడం మంచిది, మధ్యలో ఐదు వేలకోసారి తీసి తట్టి చూడాలి. గట్టిగా ప్రెషర్ గాలి కొట్టొద్దు, కాగితం చిరిగితే ఆ దుమ్ము నేరుగా సిలిండర్లోకి పోయి ఆయిల్ తాగడం మొదలవుతుంది. రెండోది ఏసీ ఫిల్టర్, సంవత్సరానికి ఒకటి తప్పదు, ఎండాకాలం ముందు మారిస్తే మేలు. మీరే మార్చుకోవచ్చు, గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది చాలా కార్లలో, పది నిమిషాల పని.

బ్యాటరీ కూడా ఒకటి చూపించండి. అందరూ చలికి బ్యాటరీ పోతుందనుకుంటారు, దాన్ని తినేది ఎండ. మన వేసవికి మూడు నాలుగేళ్లు వస్తే బాగా వచ్చినట్టే. మీది నాలుగో ఏడుకి దగ్గర పడింది, సర్వీసులో ఎలాగూ టెస్టర్ పెట్టి చూస్తారు, ఆ చీటీ అడిగి తీసుకోండి. కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మార్చే గడువు కంపెనీని బట్టి చాలా తేడాగా ఉంటుంది, కొన్నిటికి లక్ష దాటాక గానీ రాదు, కాబట్టి ఎవరైనా ఇప్పుడే మార్చాలంటే పట్టిక చూడండి. లెవెల్ తగ్గితే బోరు నీళ్లు మాత్రం పోయొద్దు, మన నీళ్లలో ఉన్న సున్నానికి రేడియేటర్ సన్నగొట్టాలు పూడిపోతాయి.

ఇక వారంటీ, బయటి మేస్త్రీ. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారాల్లో పోటీ దెబ్బతినకుండా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయల పైగా జరిమానా వేసింది, స్పేర్ పార్టులు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకి దొరకనివ్వడం లేదని. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం పోతుందనే షరతు పెట్టకూడదని కూడా ఆ ఉత్తర్వులో చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి, ఆ గొడవ ఏళ్ల తరబడి నడిచింది. ఇది తెలుసుకోవడం మంచిదే. కానీ నిజంగా ఏం జరుగుతుందంటే, రేపు మీ కారులో పెద్ద భాగం ఏదైనా పోయి క్లెయిమ్‌కి వెళ్తే ముందు అడిగేది సర్వీస్ హిస్టరీ. అందులో ఒక్క సర్వీసు లేకపోయినా దాన్ని పట్టుకుని వెనక్కి పంపుతారు, అప్పుడు వాదించుకుంటూ తిరగాల్సింది మీరు. షోరూమ్ సరైన బిల్లుకి, మేస్త్రీ చెప్పిన దానికి తేడా 1,500 చిల్లర. ఐదేళ్ల వారంటీకి డబ్బు కట్టి ఇంత చిన్న తేడా కోసం దాన్ని ప్రమాదంలో పెట్టడం నాకు సరైన లెక్కగా అనిపించదు.

ఆ 5,500లో ఏం వస్తుందో కూడా అడగాలి. ఈ కాలం చిన్న పెట్రోల్ ఇంజన్లకి చాలావాటికి 0డబ్ల్యూ-20 లాంటి పలచటి ఆయిల్ చెప్తారు, ధర ఎక్కువ. డ్రమ్ములో ఉన్న 20డబ్ల్యూ-40 పోసి 'చిక్కగా ఉంటే ఇంజన్‌కి మంచిది' అనే షెడ్లు ఇప్పటికీ ఉన్నాయి. పాత బళ్లకి అది నడిచింది, వీటికి నడవదు, మైలేజీ పడిపోతుంది, స్టార్టింగ్‌లో పైదాకా ఆయిల్ వెళ్లడం ఆలస్యమవుతుంది. మంచి మేస్త్రీలు మన ఊళ్లో చాలామంది ఉన్నారు, వారంటీ అయ్యాక తప్పకుండా వెళ్లండి, అప్పుడు ఆయిల్, ఫిల్టర్లు మీరే కంపెనీ పార్టుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లుతో కొని తీసుకెళ్లండి. నకిలీ ఫిల్టర్లు డబ్బా చూసి పోల్చుకోలేనంత బాగా వస్తున్నాయి.

ఇది చదివే డీజిల్ వాళ్లకి ఒక హెచ్చరిక. 2020 తర్వాతి బీఎస్6 డీజిల్ కార్లలో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ ఉంటుంది. దానికి తక్కువ బూడిద మిగిల్చే ప్రత్యేకమైన ఆయిల్ మాత్రమే వాడాలి. ఒక కుర్రాడి బండికి పాత రకం డీజిల్ ఆయిల్ పోస్తూ వచ్చారు, పైగా ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగే బండి, ఫిల్టర్ మూసుకుపోయి పికప్ లేకుండా పోయింది. కొత్తదానికి లక్షకి దగ్గరగా ఎస్టిమేట్ వచ్చింది, ఆయిల్ తప్పని వారంటీ ఇవ్వలేదు. డీజిల్‌లో సర్వీస్ బిల్లు ఎలాగూ పెట్రోల్ కంటే ఎక్కువే, ఆయిల్ ఎక్కువ పడుతుంది, డీజిల్ ఫిల్టర్ అదనం. ఎనిమిది నుంచి పన్నెండు వేలు చూసి భయపడొద్దు, అందులో వీఏఎస్ ఎంతో మాత్రం చూడండి.

కొత్తగా కారు కొన్నవాళ్లు తరచు అడిగేది, ఫ్రీ సర్వీస్ అని చెప్పి మూడు వేలు బిల్లు వేశారని. ఫ్రీ అంటే లేబర్ మాత్రమే ఫ్రీ, ఆయిలు ఫిల్టర్లకి డబ్బు కట్టాలి. ఉదాహరణకి మారుతిలో 1,000, 5,000, 10,000 కిలోమీటర్ల దగ్గర వచ్చేవి ఫ్రీ సర్వీసులు. అక్కడ మోసం ఏమీ లేదు.

మీరు షోరూమ్‌కి వెళ్లేటప్పుడు ఏం చేయాలో చెప్తాను. ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో సర్వీస్ కాస్ట్ చూపించే పేజీ ఉందేమో చూడండి, చాలా పెద్ద కంపెనీలకి ఉంది. మోడలు, ఊరు, కిలోమీటర్లు ఇస్తే పార్టులు, లేబరు విడివిడిగా చూపిస్తుంది. అది ఫోన్‌లో ఫొటో తీసుకోండి. శనివారం, నెలాఖరు రోజులు వదిలేసి వారం మధ్యలో పొద్దున్నే అపాయింట్‌మెంట్ తీసుకోండి. జాబ్ కార్డు మీద 'సర్వీస్ బుక్కు ప్రకారం 40,000 పనులు, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చాలి, ఇంకేదైనా ఉంటే ఫోన్ చేసి అడిగాకే' అని రాయించి అప్పుడు సంతకం పెట్టండి. నోటితో చెప్తే లాభం లేదు, అడ్వైజర్ విన్నది కింద పనిచేసే కుర్రాడికి చేరదు, వాడికి తెలిసేది కార్డు మీద ఉన్నదే. పాత ఫిల్టర్లు, ప్లగ్గులు డిక్కీలో పెట్టమనండి. అడగడానికి మొహమాటపడొద్దు, అవి మీవే.

బండి తీసుకునేటప్పుడు బిల్లులో మూడు చూడండి. ఆయిల్ ఎన్ని లీటర్లు రాశారు, మాన్యువల్‌లో మీ ఇంజన్‌కి ఎంత పడుతుందని ఉంది, రెండూ దగ్గరగా ఉండాలి. ట్యాక్స్ ఎంత వేశారు: 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు పార్టులన్నిటికీ జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలా పార్టులకి 28 ఉండేది. 'కన్స్యూమబుల్స్' పేరుతో రెండు మూడు వందల లైన్ ఉంటే అందులో ఏమేం వాడారో చెప్పమనండి. తర్వాత బానెట్ ఎత్తించి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) లాగి చూడండి, రెండు గుర్తుల మధ్య ఉండాలి, పైగుర్తు దాటినా మంచిది కాదు. బ్రేక్ ఫ్లూయిడ్ నిజంగా మార్చారా అంటే రిజర్వాయర్‌లోకి తొంగిచూడండి, కొత్తది దాదాపు రంగు లేకుండా లేత తేనె రంగులో ఉంటుంది. ఇప్పుడు వెళ్లేముందే ఒక ఫొటో తీసి ఉంచుకుంటే పోల్చడం సులువు.

'తీసేస్తే వారంటీ వర్తించదు మేడమ్' అని అడ్వైజర్ అనొచ్చు, కోటింగు, ఫ్లష్ గురించి ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. అదే మాట ఎస్టిమేట్ మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమనండి. ఎవరూ రాసివ్వరు, ఎందుకంటే అలాంటి నిబంధన లేదు. మరీ మొండికేస్తే కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టండి, డీలర్లు దానికి భయపడినంతగా కౌంటర్ దగ్గర అరుపులకి భయపడరు. అక్కడా కాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులో కూడా మాట్లాడతారు. ఇంకో దారి, అదే కంపెనీ వేరే సర్వీస్ సెంటర్. మీ కారుని దేశంలో ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఎక్కడైనా చేయించవచ్చు, హిస్టరీ అందరికీ ఒకే సిస్టమ్‌లో కనిపిస్తుంది, వారంటీకి ఇబ్బంది లేదు. కర్నూలు, కడప పని మీద వెళ్లినప్పుడు అక్కడ ఎస్టిమేట్ అడిగి చూడొచ్చు. బెంగళూరులో లేబర్ రేటు మనకంటే ఎక్కువ ఉంటుంది, అందుకని సర్వీసు కోసం అంత దూరం తీసుకెళ్లడంలో లాభం లేదు.

చివరగా మీరు అడిగిన ప్యాకేజీ. మూడేళ్ల సర్వీసులకి ముందే డబ్బు కడితే ధరలు పెరిగినా వర్తించదని చెప్పారన్నారు. కాగితం మీద మంచిదే, కానీ తీసుకునే ముందు అందులో బ్రేక్ ఫ్లూయిడ్, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు ఉన్నాయో, ఆయిలు లేబరు మాత్రమే ఉన్నాయో చూడండి. మీరు ఏడాదికి 13,000 కిలోమీటర్ల చొప్పున తిరుగుతున్నారు, అంటే మూడేళ్లలో నాలుగు సర్వీసులు పడతాయి, ప్యాకేజీలో మూడే ఉంటే నాలుగోది మీ జేబులోంచే. ట్రాన్స్‌ఫర్ వచ్చి కారు అమ్మే ఆలోచన ఉన్నా తీసుకోవద్దు. వచ్చే 50,000 సర్వీసులో పెద్దగా మార్చేవి ఏమీ ఉండవు, ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు, లేబరు, అలైన్‌మెంట్ కలిపి ఐదున్నర వేల దగ్గర అవుతుంది. అప్పుడు ఎనిమిది, తొమ్మిది వేలు రాస్తే ఎస్టిమేట్ ఫొటో ఇక్కడ పెట్టండి, లైన్ లైన్ చూసి చెప్తాను.